కానరాని అంగడి



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచిన విషయము, ఫోనుమీద సరకులు కొని, ఫోనుమీదనే వెల చెల్లించుటను గూర్చి. మన యిండ్లలో కొడుకులు, కోడండ్రు, మనుమలు దినదినమును ఇట్లు కొనుచునే యున్నారు. పెద్దలమగు మనకు మాత్రము శంక తీరదు. అంగడి కానరాదు, వర్తకుని ముఖము కానరాదు, సొమ్ము మాత్రము ముందుగా పోవును. ఇట్టిదానిని నమ్ముట యెట్లు?

ఈ శంక క్రొత్తది కాదు. 1877లో మన దేశపు తపాలాశాఖవారు వి.పి.పి. పద్ధతిని ప్రవేశపెట్టిరి. దూరపట్టణములనుండి పుస్తకములు, మందులు తెప్పించుకొనువారు పోస్టుమాను చేతికి రొక్కమిచ్చి పార్సెలు పుచ్చుకొనెడివారు. 1880లో మనియార్డరు వచ్చెను. మనవారు కన్నెరుగని వర్తకుని నమ్మలేదు. నడుమనున్న తపాలాశాఖను నమ్మిరి. నడిమివాడు నియమమునకు బద్ధుడైనచో దూరపు బేరము సాగును. నేడును సూత్రమిదియే.

ఇప్పుడు ఆ నడిమి స్థానమున బ్యాంకులున్నవి. వానిని కట్టియుంచు నియమములను రిజర్వు బ్యాంకువారు విధించిరి. 2009 ఆగస్టునుండి, మన దేశములో అంతర్జాలమున కార్డుతో చెల్లించుటకు కార్డుమీది అంకెలు మాత్రమే చాలవు. కార్డుమీద లేని మరియొక రహస్యమును చెప్పవలెను. ఫోనునకు వచ్చు ఓ.టి.పి. అట్టిది. 2022 అక్టోబరు 1 నుండి వర్తకులు మన కార్డు సంఖ్యను తమయొద్ద దాచుకొనరాదు. టోకెను అను మారుసంఖ్యను మాత్రమే యుంచుకొనవచ్చును. ఇక అంగడికి కన్నము పడినను మన కార్డు సంఖ్య దొంగకు చిక్కదు. 2016లో వచ్చిన యు.పి.ఐ. పద్ధతిలోనో, నమోదైన ఫోను ఒక తాళము; మనసులోని పిన్ను రెండవ తాళము.

ఇన్ని తాళములుండగా దొంగ యెట్లు వచ్చును? మనమే తలుపు తీసినచో వచ్చును. ఇందుకు నా కథయే సాక్ష్యము.

కొన్ని యేండ్ల క్రిందట ఒక శాలువను తెప్పించితిని. అది అంచున చిరిగియుండెను. తిరిగి పంపదలచి, ఆ యంగడివారి ఫోను సంఖ్యను అంతర్జాలమున వెదకి, మొదట కనబడిన సంఖ్యకే ఫోను చేసితిని. పలికినవాడు మిక్కిలి వినయశాలి. "అయ్యా, తమ సొమ్ము ఇప్పుడే వాపసు చేసెదము" అని చెప్పి, క్యూ.ఆర్. అను గళ్ల ముద్ర నొకదానిని పంపి, దానిని స్కాను చేసి పిన్ను కొట్టుమనెను. కొట్టితిని. రావలసిన తొమ్మిదివందలు రాకపోగా, పింఛను సొమ్ములో తొమ్మిదివేలు పోయినవి. చదివి పిమ్మట వ్రాలు చేయుడని ముప్పదియేండ్లు పిల్లలకు బోధించినవాడను, తెరమీద 'చెల్లించుము' అని యున్న ఒక్క మాటను చదువనైతిని!

అంతకంటె పెద్ద తప్పు పిమ్మట చేసితిని. సిగ్గుచే నాలుగు దినములు ఇంట నెవ్వరికిని చెప్పలేదు. తుదకు నా కుమారునితో చెప్పగా, "నాన్నగారూ, ఆ క్షణముననే చెప్పియుండినచో, సొమ్ము దొంగ ఖాతాలో నుండగానే ఆపించుటకు వీలుండెడిదేమో!" అనెను. సొమ్ము రాలేదు. దొంగకు నా యజ్ఞానము ఒక చేయి, నా సిగ్గు రెండవ చేయి యైనవి.

కావున మూడు మాటలను గుర్తుంచుకొనుడు.

మొదటిది: పిన్ను సొమ్ము పంపుటకే గాని పుచ్చుకొనుటకు ఎన్నడును అక్కరలేదు. పుచ్చుకొనుటకు పిన్ను కొట్టుమనువాడు దొంగయే. ఓ.టి.పి.ని అడుగువాడు బ్యాంకు పేరు చెప్పినను చెప్పరాదు.

రెండవది: అంగడివారితో మాటాడవలెనన్న, వారి సొంత యాప్‌లో గాని బిల్లుమీద గాని యున్న సంఖ్యనే వాడుడు. చిరునామా ప్రక్కను కొన్నిచోట్ల తాళము గుర్తు కనబడును. దాని యర్థము, మనము పంపు సమాచారము నడుమ నెవ్వరికిని తెలియకుండ గూఢలిపిలో పోవుచున్నదని మాత్రమే. ఆవలివాడు సత్యసంధుడని కాదు. దొంగ తన యింటికిని తాళము వేసికొనగలడు గదా! క్రొత్త యంగడియైనచో, సరకు చేరిన పిమ్మట రొక్కమిచ్చు వీలున్నదేమో చూచుడు.

మూడవది: మోసము జరిగెనని తోచిన తక్షణమే 1930 సంఖ్యకును, మీ బ్యాంకునకును తెలుపుడు. మన తప్పును, బ్యాంకు తప్పును లేక సొమ్ము పోయినచో, బ్యాంకు కబురందిన మూడు పనిదినములలో తెలిపిన ఖాతాదారుపై నష్టము పడరాదని రిజర్వు బ్యాంకువారు 2017 జులై 6న ఉత్తరువు చేసిరి. మన రహస్యమును మనమే యిచ్చినచో, తెలుపువరకు కలిగిన నష్టము మనది. తెలిపిన పిమ్మట కలుగునది బ్యాంకుది. ఏ విధముగ చూచినను జాగు చేయుటయే చేటు.

నే నిప్పుడును ఫోనుమీద కొనుచున్నాను. ఈ కండ్లద్దములు అట్లు వచ్చినవే. తెరమీది మాటను రెండుమార్లు చదివి మరి చెల్లించుచున్నాను. మీ యింట నెవరైన మోసపోయి వచ్చినచో, ముందుగా వారిని కోపింపకుడు. ముందుగా ఫోను చేయింపుడు. కోపమునకు భయపడియే పలువురు దాచుదురు. దాచిన ప్రతి గడియయు దొంగకు లాభము.

సెలవు.