ఆకాశంలో తెల్ల గీత



మా మనూరులో మిద్దెమీద వడియాలు పెడుతుంటే, ఆకాశంలో తెల్లగీత కనబడగానే పిల్లలు "జెట్టు, జెట్టు!" అని అరుస్తారు. అది పొగ కాదండీ. ఇంజను వదిలిన ఆవిరి పైనున్న చలికి మంచురవ్వలై నిలిచిన చార. ఊదిన బెలూను మూతి వదిలితే గాలి వెనక్కీ బెలూను ముందుకీ పోతుంది చూడండి, జెట్టు సూత్రమూ అదే.

మన వైమానిక దళానికి మొదటి జెట్లు, వాంపైర్లు, 1948లో వచ్చాయి. 1960లో ఎయిరిండియాకు బోయింగ్ 707లు వచ్చాయి. మరి ఆడవాళ్లో? ప్రేమ్ మాథుర్‌ను చాలా కంపెనీలు కాదన్నాయట, ప్రయాణీకులు భయపడతారని! మన హైదరాబాదు దక్కన్ ఎయిర్వేస్ ఆమెకు డకోటా నడిపే కొలువిచ్చింది. యుద్ధ జెట్టు మాత్రం మగవాళ్లకే మిగిలింది. చివరకు 2016 జూన్ 18న మన దుండిగల్‌లోనే అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ యుద్ధవిమాన పైలట్లయ్యారు. వాంపైర్లు వచ్చిన 68 ఏళ్లకు!

మొన్న మా అమ్మాయి "అమ్మా, నేనూ నడపొచ్చా?" అంది. "ముందు వంట నేర్చుకో" అనబోయి మింగేశాను. "లెక్కలు బాగా చదువు" అన్నాను. మీ అమ్మాయి అడిగితే మీరేమంటారు? ఇప్పుడే ఆలోచించుకోండి. సెలవు.