పల్లె బాణీలు – వంగపండు పాటలు



నేటి నా ప్రసంగవిషయము వంగపండు ప్రసాదరావుగారి జీవితము, కవిత్వము. వారి పాట వినబడని పల్లె ఉత్తరాంధ్రమున అరుదు. ఆ పాట ఎచ్చటనుండి వచ్చినదని ఎవరైన నన్నడిగినచో, మీ యిండ్లనుండియే వచ్చినదని చెప్పుదును. అది యెట్లో విన్నవించెదను.

ప్రసాదరావుగారు 1943వ సంవత్సరమున పార్వతీపురము చెంతనున్న పెదబొండపల్లిలో జన్మించిరి. ఆ సీమలో ఊడ్పునకొక పాట, కోతకొక పాట, పెండ్లికొక పాట. జముకు చేతబట్టి, తీగ మీటుచు రాత్రి పొడుగునను కథ చెప్పువారు కలరు. గొల్లవారు గుండెలపై తప్పెట కట్టుకొని, దానిని వాయించుచు, గజ్జెలు ఘల్లుమన తప్పెటగుళ్లు ఆడుదురు. కొండలపై గిరిజనులు ఒకరినొకరు పట్టుకొని వరుసగా థింసా ఆడుదురు. ఈ బాణీలను మొదట కట్టినవారెవరో లోకమెరుగదు. పేరులేని ఆ కవులే ప్రసాదరావుగారికి గురువులు.

పల్లెలో పుట్టిన ఆ బాణీ పట్టణమునకెట్లు చేరినది? విశాఖపట్టణపు ఓడరేవు 1933లో తెరువబడినది. 1941లో అచ్చట ఓడల నిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. 1948లో ‘జల ఉష’ యను ఓడ నీట దిగినది. చుట్టుపట్ల పల్లెలనుండి ఎందరో బ్రతుకుతెరువునకై ఆ పట్టణము చేరిరి. ప్రసాదరావుగారును హిందూస్థాన్ షిప్‌యార్డులో పనిచేసిరి. నాగలిని, కొడవలిని ఎరిగిన బాణీ ఇనుపరేకుల మ్రోతలో నిలుచునా యని సందేహము కలుగవచ్చును. నిలిచినది. యంత్రమునుగూర్చి, దానిని నడపు శ్రామికునిగూర్చి వారు పాట కట్టగా, పల్లెబాణీ అందు చక్కగా ఒదిగినది. ఊడ్చువారు వంగి లేచు లయకును, సమ్మెట ఎత్తి దింపు లయకును ఎంత దూరము? రెండును ఒడలి కష్టమునుండి పుట్టినవే కదా!

వారి పాటకు మరియొక మూలము కలదు. 1967 అక్టోబరు 31వ తేదీన లేవిడియొద్ద కోరన్న, మంగన్న యను గిరిజనులు తుపాకి గుండ్లకు బలియైరి. శ్రీకాకుళ సీమలో రైతుల పోరాటము రగిలెను. సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథగా ఆ వృత్తాంతమును పాడి, 1969 డిసెంబరులో తానును ప్రాణములు కోల్పోయెను. ప్రసాదరావుగారు ఆ బాట పట్టి, 1972లో గద్దరు మున్నగువారితో కలిసి జననాట్యమండలిని నెలకొల్పిరి. ఆ రాజకీయమును మీరు మెచ్చవచ్చును, మెచ్చకపోవచ్చును. దానిని తూచుట నేటి నా పని కాదు. పాటలోని పనితనమును మాత్రము చూడుడు. వారి ప్రసిద్ధగీతమొకటి పైకి వలపు పిలుపువలె నుండును. తరచి విన్నచో పోరునకు పిలుపు. ఈ శ్లేషను వారు అలంకారశాస్త్రమున నేర్వలేదు. సరసము వెనుక సత్యమును దాచుట పొలములో పాడుకొను స్త్రీలకు తరతరాలుగా తెలిసిన విద్య.

ఇట్టి కవి ఖండాంతరమునను గలడు. స్పెయిన్ దేశమున 1898లో గ్రెనడా నగరము చెంత ఒక పల్లెలో ఫెడెరికో గార్సియా లోర్కా పుట్టెను. దాదుల నోట, జిప్సీల నోట విన్న పాటలే ఆయనకు పెట్టుబడి. పాతపాటలు మాసిపోవుచున్నవని వగచి, 1922లో ఫాయా యను సంగీతవిద్వాంసునితో కలిసి గ్రెనడాలో గాయకులకు పోటీ జరిపించెను. 1928లో జిప్సీ గాథల కావ్యము ప్రకటించెను. 1932 నుండి విద్యార్థుల నాటకబృందముతో పల్లెలు తిరిగెను. 1936 ఆగస్టులో, అంతర్యుద్ధారంభమున, విరోధులు ఆయనను కాల్చి చంపిరి. నాటికి ఆయన వయస్సు 38 ఏండ్లు. దేశము వేరు, భాష వేరు; అయినను పల్లె యిచ్చినదానిని మరల పల్లెకు చేర్చుటయందు ఆయనయు, మన ప్రసాదరావుగారును ఒక్క త్రోవవారే.

ఆ పాటలది మోటుభాషయని కొందరందురు. నేనీ ప్రసంగమును గ్రంథభాషలో చేయుచున్నాను. దానియందు నాకు గౌరవము కలదు. అయినను ప్రసాదరావుగారి పాటను ఈ భాషలోనికి దిద్ది చూచితిని. మాటలు మిగిలినవి, పాట పోయినది. గురజాడ అప్పారావుగారు 1910లో ముత్యాలసరములు వ్రాసినపుడే పాటనడకకు సాహిత్యపీఠమున చోటు దొరకినది. దానిని మరల తక్కువచేయుట న్యాయము కాదు.

ప్రసాదరావుగారు 2020 ఆగస్టు 4వ తేదీన పార్వతీపురమున పరమపదించిరి. వారు కట్టిన పాటలు 300కు పైబడినవి. అవి నిలుచును. నా భయము వానిని గూర్చి కాదు, వాని ఊటను గూర్చి. యంత్రము ఊడ్చు మడిలో ఊడ్పుపాట ఎవరు పాడుదురు? జాతరలో సినిమాపాట మ్రోగుచుండగా జముకువానిని ఎవరు పిలుతురు? ఊట ఎండినచో రేపటి కవి ఏ నీరు త్రాగవలెను?

కావున మిమ్ము మూడు పనులు కోరుచున్నాను. మీ ఊరి జాతరలో ఒక రాత్రియైనను జముకుల కథనో తప్పెటగుళ్లనో పెట్టించి, కళాకారునకు తగిన సంభావన ఇప్పింపుడు. మీ యింటి ముసలమ్మకు వచ్చిన పాటలను మనుమలచేత వ్రాయింపుడు. వ్రాయునపుడు ఆమె పలికినది పలికినట్లే వ్రాయింపుడు. ఒక్క అక్షరమైనను దిద్దనీయకుడు. వీనికి ఎవరి ఉత్తరువును అక్కరలేదు. ముసలమ్మ ఉన్నప్పుడే కూర్చుండవలెను, అంతియే.

సెలవు.