పాదయాత్రికుని సంచిలో యంత్రములు

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



తెలుగువారికి కాలినడక యాత్ర క్రొత్త కాదు. అలిపిరి నుండి 3,550 మెట్లెక్కి తిరుమల చేరువారు నేటికిని ప్రతిదినము వేలకొలది కలరు. శివరాత్రికి నల్లమల అడవిదారిని శ్రీశైలము పోవువారును కలరు. అయితే అలిపిరి కడ మూటాముల్లె అప్పగించినచో దేవస్థానమువారే ఉచితముగా కొండపైకి చేర్చుదురు. ఫోనులో ఛార్జి అయిపోయినను పైకి పోయిన పిమ్మట చూచుకొనవచ్చును. పరదేశమున నెలదినములు నడువవలసి వచ్చినపుడు సంగతి వేరు. అట్టి యాత్రకు ఏ యంత్రములను వెంట గొనిపోవలెను, ఏవి ఇంట విడువవలెను అనునది నేటి ప్రసంగ విషయము.

దృష్టాంతమునకు స్పెయిను దేశమందలి సాంతియాగో యాత్రను తీసికొందము. అచటి మహాదేవాలయమున క్రీస్తు శిష్యుడగు యాకోబు సమాధి కలదని క్రైస్తవుల విశ్వాసము. 12వ శతాబ్దపు ‘కోడెక్స్ కలిక్స్తీనుస్’ అను లాటిను గ్రంథమున ఈ యాత్రికుల కొరకు ఒక మార్గదర్శక భాగము కలదు. అనేక దారులలో ప్రసిద్ధమైనది ‘ఫ్రెంచి దారి’. ఇది ఫ్రాన్సులోని సేన్-జాన్-ప్యె-ద-పోర్ అను చిన్న పట్టణమున మొదలై, పిరెనీసు పర్వతములను దాటి, సుమారు 780 కిలోమీటర్లు సాగును. సామాన్యముగా 30 నుండి 35 దినముల నడక. 2024వ సంవత్సరమున అన్ని దారులనుండి వచ్చినవారికి కలిపి 4,99,000 పైచిలుకు యాత్రాపత్రము లిచ్చిరి. వారిలో క్రైస్తవేతరులును, ఏ మతమునకు చెందనివారును పెక్కురు.

మొదటి దినముననే ఈ దారి యాత్రికుని పరీక్షించును. దాదాపు 170 మీటర్ల ఎత్తుననున్న పట్టణము నుండి 1,430 మీటర్ల కనుమ వరకు ఎక్కి, ఆవల దిగవలెను. నవంబరు 1 నుండి మార్చి 31 వరకు ఈ ఎత్తుదారిని మూసివేయుదురు. వీపుమీది సంచి బరువు దేహపు బరువులో పదవవంతు మించరాదని నడచినవారి మాట. అరువది కిలోల మనిషికి ఆరు కిలోలు. బట్టలు, దుప్పటి సంచి, మందులు, నీరు అందులోనే రావలెను. ఫోను, పవర్ బ్యాంకు, ఛార్జరు, తీగలు కలిపి అరకిలో. దీనికి టాబ్లెట్టును, కటకములతో కెమేరాను చేర్చినచో రెండు కిలోలకు తక్కువ కాదు. అనగా సంచిలో మూడవవంతు యంత్రములకే పోయినది. సంచులను ఊరినుండి ఊరికి చేరవేయు సేవలు ఆ దారిలో కలవు గాని, వానిని నమ్ముకొని వస్తువులు పెంచుకొనినవారు ఆ సంచి చేరు ఊరికే నడచితీరవలెను. కాళ్ళు నొచ్చి మధ్యలో ఆగుటకు స్వేచ్ఛ ఉండదు.

కనుక యంత్రము ఒక్కటి చాలును, అది ఫోను. ఏ ఫోను అని అడుగువారికి మొదటి సమాధానము: చేతిలో నున్నదే. యాత్రకని క్రొత్త ఫోను కొనుట, యాత్రకని క్రొత్త చెప్పులు కొనుట వంటిది. ఏ బొత్తము ఎచట నున్నదో తెలియక వానలో, ఎరుగని ఊరిలో వెదకుకొనుట పెద్దవారికి మిక్కిలి కష్టము. రెండేండ్లు వాడిన ఫోను సాయంకాలము వరకు నిలువనిచో లోని బ్యాటరీని మాత్రము మార్పించుట చౌక. కొనక తప్పనివారు ప్రయాణమునకు రెండు నెలల ముందే కొని అలవాటు చేసికొనవలెను. గలీసియా ప్రాంతమున వానలు మెండు గనుక నీటికి, దుమ్మునకు ఓర్చునది కావలెను. రెండు సిమ్ములకు చోటుండవలెను. కెమేరా ఎన్ని మెగాపిక్సెళ్ళది అన్న ప్రశ్న ఆ తరువాతిది.

రెండవ సిమ్ము సంగతిని మనవారు తేలికగా తీసికొందురు. బ్యాంకువారి ఓటీపీ మన భారతీయ సంఖ్యకే వచ్చును. ఆ సిమ్మును తీసి జేబులో వేసికొనినచో, డబ్బు ఖాతాలో నుండియు చేతికి రాదు. కావున దానికి అంతర్జాతీయ రోమింగును ఇచటనే తెరిపించి, సందేశములకు మాత్రము ఉంచవలెను. ఇంటర్నెట్టునకు ఫ్రాన్సు, స్పెయిను రెండింటను పనిచేయు ఈ-సిమ్ము వేరుగా తీసికొనవలెను. 2020లో రిజర్వు బ్యాంకు చేసిన నియమము వలన క్రొత్త కార్డులు మొదట స్వదేశమున మాత్రమే చెల్లును. విదేశ వినియోగమును అడిగి తెరిపించుకొనవలెను. చిన్న ఊళ్ళ సత్రములలో నగదు తప్పదు.

దారి చూపుటకు ఫోను అంత అవసరమా? ఆ దారిపొడుగున గోడలమీద, చెట్లమీద, రాళ్ళమీద పసుపుపచ్చ బాణపు గుర్తు లుండును. ఓ సెబ్రెయిరో అను కొండఊరి చర్చిలో గురువుగా నుండిన ఎలియాస్ వాలిన్యా 1980లలో రంగుడబ్బా పట్టుకొని తిరిగి ఈ గుర్తులు వేయుట ఆరంభించెను. ఆయన 1989లో గతించినను బాణములు నిలిచినవి. పొగమంచు క్రమ్మినపుడును, బుర్గోసు, లెయోను వంటి నగరములలో గుర్తులు తప్పినపుడును, మందుల దుకాణము వెదకునపుడును పటము కావలెను. పటములను ముందే ఫోనులోనికి దింపుకొనవలెను. గూగుల్ పటము దింపుకొనినను నెట్టు లేనపుడు నడకదారి చెప్పదు. ‘ఆర్గానిక్ మ్యాప్స్’ వంటివి చెప్పును. ఉపగ్రహముల ద్వారా స్థానము తెలియుటకు సిమ్ముతో పనిలేదు. విమానపు మోడులో ఉంచినను తెలియును. సంకేతము అందని లోయలలో ఫోను టవరు కొరకు వెదకి వెదకి బ్యాటరీని కరగించుకొనును గనుక నడకవేళ అట్లుంచుటే లాభము.

సత్రములలో ఒక గదిలో పదుగురు, ఇరువదిమంది పరుందురు. విద్యుత్ రంధ్రములు నాలుగైదు. రెండు మూడు తీగలు తగులుకొను ఛార్జరు ఉన్నవానికి ప్రక్కమంచమువారితో స్నేహము త్వరగా కుదురును. విద్యుత్తు మనకువలెనే 230 వోల్టులు. మన ఫోను ఛార్జర్ల సన్నని రెండు గుండ్రని కాళ్ళు అచట సరిపోవును. మూడు కాళ్ళవి పట్టవు. పవర్ బ్యాంకు 10,000 ఎం.ఏ.హెచ్. చాలును. అది 37 వాట్-అవర్లు; విమానములలో 100 వరకు అనుమతింతురు గాని చేతిసంచిలోనే ఉండవలెను. వినికిడి యంత్రము పెట్టుకొనువారు ఛార్జి చేయుటలో దానికే తొలిస్థానము ఇయ్యవలెను.

ఇక ఉపగ్రహ సందేశ యంత్రములు. నిర్జన పర్వతములలో తిరుగువారికి అవి ప్రాణదాతలు. ఈ దారిలో మాత్రము ఊళ్ళు దగ్గర. ఐరోపా అంతటను 112 అను అత్యవసర సంఖ్య కలదు. స్పెయిను ఆంతరంగిక మంత్రిత్వశాఖవారి ‘అలర్ట్‌కాప్స్’ యాప్ యాత్రికుని స్థానమును రక్షకభటులకు తెలుపును. అంతకన్న ముఖ్యము, అట్టి యంత్రమును టెలికాం శాఖ అనుమతి లేక భారతదేశమున ఉంచుకొనుట నేరము. ఇట్టివి దొరికి మన విమానాశ్రయములలో నిర్బంధింపబడిన విదేశీయులు కలరు. విదేశములలో బజారున దొరకునది గదా యని కొని తెచ్చిన ప్రభుత్వోద్యోగి యాత్రాఫలము విచారణాధికారి ఎదుట తేలును.

అడుగులు లెక్కించు చేతిగడియారము కూడ అక్కరలేదు. నిన్న ముప్పదివేల అడుగులైనవి, నేడు ముప్పదియైదు కావలెనని పట్టుబట్టి మడమ నరము వాపుతో ఆగిపోవుటకు అది మంచి సాధనము.

అన్నిటికన్న కష్టమైన యంత్రము మరియొకటి కలదు: ఇంటివారి ఆతురత. తండ్రి ఎచట నున్నాడో గంటగంటకు ఫోనులో చుక్కగా కనబడవలెనని పిల్లలు కోరుదురు. వారి భయము నిజమైనదే. కాని ఆ ఏర్పాటు బ్యాటరీని తినివేయును. లోయలో సంకేతము తప్పగానే చుక్క నిలిచిపోవును. ఇచట ఇంటిల్లిపాది నిద్ర మానుదురు. మదరాసు సుప్రీం కోర్టున దుబాసీ పని చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చెను. దారి విశేషములను వ్రాసి అప్పుడప్పుడు మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు పంపుచుండెను. ఆ వ్రాతలే ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చైనవి. నేడు అంత కాలము ఎవరును ఓపికపట్టనక్కరలేదు. దినమునకు ఒక్క సందేశము చాలును. వేసవిలో స్పెయిను కాలము మనకు మూడున్నర గంటలు వెనుక. అచట సాయంకాలము 5 గంటలకు పంపినచో ఇచట రాత్రి 8.30కి భోజనపు వేళ చదువుకొందురు. ఒక సాయంకాలము రానిచో మరునాటి మధ్యాహ్నము వరకు ఆగవలెననియు, అప్పటికిని రానిచో ఎవరికి ఫోను చేయవలెననియు బయలుదేరకముందే ఇంటిలో నిర్ణయించుకొనవలెను. ఆఫీసు బృందముల సందేశములకు ఈ మర్యాద కూడ అక్కరలేదు. సెలవు మంజూరైన దినమే వానిని మూయవచ్చును.

ఫోను పోయిన దినము కూడ యాత్ర సాగవలెను. స్నానమునకు పోవునపుడైనను దానిని నీరు చొరని సంచిలో వెంట ఉంచుకొనుట మంచిది. నేడు భార్య ఫోను సంఖ్య కంఠస్థముగా చెప్పగలవారు ఎందరు? ఇంటి సంఖ్యలు, పాస్‌పోర్టు సంఖ్య, రక్తవర్గము, మందుల అసలు పేర్లు, మాడ్రిడ్‌లోని భారత రాయబార కార్యాలయపు సంఖ్య, ఫోను ఐ.ఎం.ఈ.ఐ. సంఖ్య ఒక కాగితముపై వ్రాసి, పాస్‌పోర్టుతో ఒకటి, సంచి అడుగున ఒకటి ఉంచవలెను. సత్రములలో ముద్రలు వేయించుకొను యాత్రాపుస్తకము కూడ కాగితముదే. దానికి ఛార్జి అక్కరలేదు.

బయలుదేరుటకు నెలముందు ఒక ఆదివారము సంచిలో అన్నియు సర్ది, తూచి, ఉదయము ఆరు గంటలకు ఇల్లు విడిచి ఇరువది కిలోమీటర్లు నడచి రావలెను. ఫోటోలు తీయవలెను, పటము చూడవలెను, ఇంటికొక సందేశము పంపవలెను. తిరిగివచ్చునప్పటికి ఫోనులో ఎంత ఛార్జి మిగిలినదో, సంచి తెరువకయే మిగిలిన వస్తువు లేవో వ్రాసికొని, అట్టివానిలో మందులు, వానకోటు తప్ప తక్కినవానిని బీరువాలో పెట్టి తాళమువేయవలెను.