పులికాట్ కత్తిపరిగె
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఉద్యోగమంతా చేపలతోనే గడిపాను కాబట్టి వాటి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నా మొదటి పాఠం మాత్రం ఈ బడిలోనే జరిగింది.

తొమ్మిదో తరగతిలో కత్తిపరిగె బొమ్మ వేయమంటే, పుస్తకంలోని శీలావతిని చూసి గీసి పేరు మార్చాను. ఒంటి పొడవునా పార్శ్వ రేఖ కూడా పెట్టాను. మాస్టారు కోప్పడలేదు. "రేపు చేపనే పట్టుకురా" అన్నారు. నాన్న వలలో పడినదాన్ని తెచ్చాను. ఎంత వెతికినా ఆ గీత కనబడలేదు. కత్తిపరిగెకు అది ఉండదు! వీపు మీద మాత్రం విడివిడిగా రెండు రెక్కలుంటాయి, ముందుదానిలో నాలుగు ముళ్లు. కంటిని చాలావరకు కొవ్వు పొర కప్పి ఉంటుంది. కడుపు కోస్తే కోడి కందనకాయలాంటి గట్టి కండ. అడుగు బురదలోని నాచునూ, కుళ్లిన ఆకు అలమునూ ఇసుకతో సహా మింగి, అందులో నూరుకుంటుంది.

1758లో లిన్నేయస్ దీనికి మ్యూజిల్ సెఫాలస్ అని పేరు పెట్టాడు. మంచినీళ్లలోనూ, సముద్రం కన్నా ఉప్పగా ఉన్న నీళ్లలోనూ బతుకుతుంది. వల వేస్తే పైనుంచి ఎగిరి దూకుతుంది. ఇంత మొండిదైనా గుడ్లు పెట్టడానికి సముద్రంలోకి పోవాల్సిందే. అంగుళం పొడవు పిల్లలు తిరిగి సరస్సులోకి వచ్చి పెరుగుతాయి. అంటే దాని బతుకంతా ముఖద్వారం మీదే ఆధారపడి ఉంది.

ఆ ద్వారమే ఇప్పుడు ఇసుకతో పూడుకుపోతోంది. నా చిన్నప్పుడు నాన్న బుట్ట నిండా మూరెడు చేపలు తెచ్చేవాడు. నా పరీక్ష ఫీజు వాటితోనే కట్టాడు. మొన్న సంక్రాంతికి తమ్ముడితో పడవెక్కితే, తెల్లవారేదాకా వేసిన వలలో రెండే పడ్డాయి. వాడి కొడుకు చెన్నైలో పనికి వెళ్లిపోయాడు.

మన సంఘాన్ని ఒక్కటే కోరుతున్నాను. బడికి ఒక చిన్న వల, ఒక కొలబద్ద, ఒక నోటుపుస్తకం ఇద్దాం. పిల్లలు నెలకోసారి ఒడ్డున ఒకే చోట కత్తిపరిగె పిల్లలను లెక్కపెట్టి, రాసుకుని, మళ్లీ నీళ్లలో వదిలెయ్యాలి. ద్వారం తవ్వించమని రేపు అడగాలంటే మన దగ్గర ఆ లెక్క ఉండాలి. చేపను చూసి రాయమని మన మాస్టారు నేర్పింది అదే కదా. మొదటి వల ఖర్చు నాది.