రాని వారిని అడిగినదెవరు?

(మన డయోసిస్ పాఠశాలల ఉపాధ్యాయుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



పాస్టరుకు లెక్కల పాఠముతో ఏమి పని అని మీలో కొందరు అనుకొంటూ ఉండవచ్చును. వేదాంత కళాశాలకు వెళ్ళకముందు నేను గణితములో డిగ్రీ చదివినాను. కొన్ని సంవత్సరముల క్రితము నేనున్న ఊరి హైస్కూలులో లెక్కల మాస్టారి ఉద్యోగము ఖాళీ అయినప్పుడు, హెడ్మాస్టరుగారు అడుగగా తొమ్మిదవ తరగతికి కొంతకాలము పాఠములు చెప్పినాను. అక్కడ నేను నేర్చుకొన్నది, అందులోను పొరపాటు చేసి నేర్చుకొన్నది, మీకు చెప్పదలచినాను.

సాంఖ్యక శాస్త్రము మన పిల్లలకు కష్టమైన అధ్యాయము కాదు. పుస్తకములో అంకెలు ఇచ్చి ఉంటారు. కూడి భాగిస్తే సగటు, వరుసగా పేర్చి నడిమిది చూస్తే మధ్యగతము, ఎక్కువసార్లు వచ్చినది బాహుళకము. మార్కులు వస్తాయి. కాని ఆ అంకెలు ఎవరు తెచ్చినారు, ఎవరిని అడిగి తెచ్చినారు అని ఏ బిడ్డా అడుగదు. అడుగవలెనని మనమూ చెప్పము.

నేను పుస్తకము మూసి, మన అంకెలు మనమే తెచ్చుకొందమన్నాను. ప్రశ్న ఒకటే: గడచిన నెలలో మీరు బడికి ఎన్ని రోజులు రాలేదు, ఎందుకు రాలేదు? పిల్లలు జట్లుగా ఆరు మొదలు పది వరకు అన్ని తరగతులు తిరిగి, కాగితము మీద నిలువు గీతలు గీసి, ఐదవదానిని అడ్డముగా కొట్టి, మధ్యాహ్నమునకే పట్టిక తయారు చేసినారు. దాదాపు అందరూ ఒకటి రెండు రోజులే మానినట్టు తేలినది. నాకు చాలా సంతోషమైనది. హాజరు పట్టీ తెప్పించి సరిచూస్తే రెండింటికీ పొంతన లేదు. పిల్లలు అబద్ధము వ్రాసినారని కోపగించుకొన్నాను కూడా.

అప్పుడు వెనుక బల్ల మీది ఒక ఆడపిల్ల లేచి, "అయ్యగారూ, ఇవాళ వచ్చినవాళ్ళనే కదండీ అడిగాం, రానివాళ్ళని అడగలేదు కదా" అన్నది.

బడి మానినవారి సంగతి బడిలో ఉన్నవారిని అడిగి తెలుసుకోబోయిన తెలివి నాది! నవ్వకండి. ఆరాధనకు జనము ఎందుకు తగ్గుచున్నారని వచ్చినవారినే నిలవేసి అడుగుట మా పాస్టర్లందరికీ ఉన్న అలవాటే.

ఈ సందర్భములో ఒక పాదిరిగారి సంగతి చెప్పవలెను. 1854లో లండను నగరములోని సోహో పేటలో కలరా వచ్చి, కొద్ది వారములలో ఆరు వందలకు పైగా చనిపోయినారు. బ్రాడ్ స్ట్రీటు పంపు నీటివలననే ఇది వచ్చినదని డాక్టరు జాన్ స్నో గారు చెప్పినారు. ఆయన ముఖ్యముగా మృతుల జాబితా పట్టుకొని మొదలుపెట్టినారు. సెప్టెంబరు 8న ఆ పంపు పిడి తీసివేసినారు. అక్కడి సెయింట్ లూక్స్ చర్చిలో సహాయ గురువుగా ఉన్న హెన్రీ వైట్‌హెడ్ గారికి మాత్రము ఈ మాట నమ్మబుద్ధి కాలేదు. తప్పని రుజువు చేయుటకే ఇల్లిల్లు తిరుగ నారంభించినారు. ఆ పేట ఆయనకు కొట్టిన పిండి. చనిపోయిన వారి ఇండ్లలోనే గాక బ్రతికిన వారినీ, జబ్బు పడని వారినీ అడిగినారు: మీరు ఆ నీరు త్రాగినారా, లేదా? మళ్ళీ మళ్ళీ వెళ్ళి అడిగినారు. తిరిగిన కొలది, తాను తప్పనుకొన్నదే నిజమని తేలినది. ఆ పంపు దగ్గరి 40వ నంబరు ఇంటిలో జబ్బుపడిన పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్ళు బావి ప్రక్క గుంటలోనికి పోయిన సంగతిని పట్టుకొన్నదీ ఆయనే. తన అభిప్రాయమునకు ఎదురు వచ్చిన లెక్కను ఆయన దాచుకోలేదు. నాకు ఆయనలో నచ్చినది అది.

మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన సి.ఆర్. రావు గారు (1920–2023) ప్రపంచము మెచ్చిన సాంఖ్యక శాస్త్రవేత్త. అంతటివారు కూడా 1946లో కేంబ్రిడ్జికి వెళ్ళి, సూడాను దేశపు జెబెల్ మోయాలో త్రవ్వి తీసిన ప్రాచీన మానవుల ఎముకల కొలతలపై పని చేసినారు. సూత్రమునకు ముందు కొలబద్ద ఉండవలెనని మన పిల్లలకు చెప్పుటకు ఇంతకంటె ఏమి కావలెను?

సరే, మా తరగతి సంగతికి వస్తాను. పిల్లలను రానివారి ఇండ్లకు పంపినాను. మొదటి రోజు నేనూ వెంట వెళ్ళితిని. నన్ను చూచి ప్రతి తల్లీ "జొరమొచ్చిందండి అయ్యగారూ" అన్నది. మరునాడు పిల్లలే వెళ్ళినారు. తోటివాడు అడిగేసరికి "పత్తి తీతకు పోయినాను", "చెల్లిని ఎత్తుకోను ఇంట్లో ఎవరూ లేరు" అని చెప్పినారు. ప్రశ్న అదే, అడిగే మనిషి మారితే జవాబు మారినది. తలిదండ్రుల అశ్రద్ధవలననే పిల్లలు బడి మానుచున్నారని అంతకు ముందు ఒక సభలో గట్టిగా మాట్లాడినవాడను నేను. ఆ కాగితములు చూచిన తరువాత ఆ మాట మరల అనలేదు.

సగటు మీద కూడా అక్కడే నమ్మకము సడలినది. ఐదుగురు 1, 2, 2, 3, 32 రోజులు మానినారనుకొందము. మొత్తము 40, సగటు 8. ఎనిమిది రోజులు మానినవాడు ఆ ఐదుగురిలో ఒక్కడైనా లేడు. మధ్యగతము 2 అంటే నలుగురి సంగతి తెలియును గాని, ఆ 32 రోజులవాడు కనబడడు. ఏది సరియైనదని పిల్లలు ఒక పీరియడంతా పోట్లాడుకొన్నారు. నేను ఆపలేదు.

ఇక నా తప్పు. ఉత్సాహములో ఒక కాగితము తీసి, పేరుతో సహా తరగతిలో చదివినాను. తండ్రి అప్పు తీరువరకు కూలికి పోవుచున్న పిల్లవాడు అతడు. ఆ రోజు బడికి వచ్చి ముందు వరుసలోనే కూర్చున్నాడు, నేను చూచుకోలేదు. తరువాత వారమంతా అతడు రాలేదు. సాయంకాలము వాళ్ళ ఇంటికి వెళ్ళి తండ్రి ముందు, బిడ్డ ముందు క్షమాపణ అడిగినాను. అతడు మరల వచ్చినాడు గాని నా పాఠములో చేయి ఎత్తుట మానుకొన్నాడు. అప్పటినుండి మా కాగితములపై పేర్లు లేవు, నంబర్లే. ఆ నంబర్ల పట్టీ నా పెట్టెలో ఉండి, పని అయిన వెంటనే చింపివేయబడును. దయచేసి మీరు ఈ పని మొదటినుండే చేయండి.

మరియొకసారి ఊరి పెద్దల వయస్సులు వ్రాసుకొని రమ్మన్నాను. ఎక్కువమంది 40, 45, 50, 60 వారే. 43, 57 అనువారు అరుదు! జనాభా లెక్కలలోనూ ఈ చిక్కు ఉన్నది, చివర సున్నా, ఐదు ఉన్న వయస్సులకే మనుష్యులు మొగ్గుదురు. కాని దివిసీమ ఉప్పెన నాటికి మీరెంతవారని అడిగితే, "నడిచే పిల్లనండి", "పెండ్లయి ఏడాది" అనేవారు. ఆ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చినది. అక్కడనుండి పిల్లలే లెక్క కట్టుకొన్నారు.

దీనికి ఖర్చు ఏమియు లేదు, తెల్ల కాగితములు, పెన్సిళ్ళు చాలును. కాలము మాత్రము పట్టును, సిలబసు వెనుకబడును. హెడ్మాస్టరుగారి చేత నేనూ మాటలు పడినాను. తాళము వేసిన ఇంటిని వదలి ప్రక్క ఇంటిలో అడిగి వచ్చే పిల్లలు, అరుగు మీద కూర్చుండి అంకెలు పుట్టించే పిల్లలు ఉందురు. వారిని కొట్టవద్దు, ఆ ఇంటికే మరల పంపండి.

భోజనము తరువాత మనమే ఒక చిన్న సర్వే చేయుదము. ఈ సదస్సుకు రావడానికి ఎంత దూరము ప్రయాణము చేసినారు, ఎంత ఖర్చు అయినది అన్న రెండు ప్రశ్నలే. కాగితములు పంచుతారు. రాలేకపోయిన ఉపాధ్యాయుల పట్టీ కార్యదర్శిగారి దగ్గర ఉన్నది, ఫోను నంబర్లతో సహా. సాయంత్రము వారితో ఫోనులో మాట్లాడుటకు నాకు నలుగురు కావలెను.