కొలువు కోరే కాగితం



ఉద్యోగం కోరేవారు ఒక కార్యాలయానికి వెళ్ళక పూర్వమే వారి తరఫున ఒక కాగితం అక్కడికి చేరుతుంది. దానినే బయోడేటా అనీ, రెజ్యూమె అనీ, సీవీ అనీ వ్యవహరిస్తున్నాము. మనలను పిలువవలెనా వద్దా అన్నది చాలావరకు ఆ కాగితాన్ని చూచియే నిర్ణయిస్తారు. అటువంటి కాగితాన్ని ఎట్లా వ్రాసుకోవలెనో ఈ పూట ముచ్చటించుకొందాము.

నెల్లూరు జిల్లాలో ముత్తుకూరు ప్రాంతాన్నే తీసుకొందాము. సేద్యమూ, చేపల వేటా అక్కడివారికి తరతరాల జీవనాధారాలు. 1991లో అక్కడ మత్స్యశాస్త్ర కళాశాల వెలసింది. 2008లో కృష్ణపట్నం వద్ద కొత్త రేవు పని ప్రారంభించింది. నేలటూరులో దామోదరం సంజీవయ్యగారి పేర థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చింది. అందులో ఒక్కొక్క యూనిట్ సామర్థ్యం 800 మెగావాట్లు. చుట్టుపట్ల రొయ్యల గుంటలు సరేసరి. ఈ నిర్మాణాల కొరకు భూములు వదలుకొన్న కుటుంబాలు ఉన్నాయి. పొలం పోయిన ఇంట, చదువుకొన్న బిడ్డకు దొరికే కొలువే ఇక పొలం. ఆ బిడ్డ వ్రాసే కాగితం మీద ఇంటిల్లిపాది ఆశా నిలిచి ఉంటుంది.

అయితే ఆ కాగితంలో సాధారణంగా ఏముంటుంది? కష్టించి పనిచేసే స్వభావము, నాయకత్వ లక్షణము, సంస్థ అభివృద్ధికి పాటుపడే దీక్ష! ఎవరి కాగితం చూచినా ఇవే మాటలు. ఇతరులను అననేల? పట్టా పుచ్చుకొన్న కొత్తలో మేమూ ఒక మిత్రుని కాగితం చూచి, పేరు మాత్రం మార్చి వ్రాసుకొన్నాము. అందులో మా సుగుణాలు బోలెడు. మేము చేసిన పని ఒక్కటీ లేదు. పిలుపు రాలేదని వేరే చెప్పనక్కరలేదు.

ఇందుకు భిన్నంగా నడచుకొన్న ఒక మహనీయుని ఉదంతం వినండి. చిత్రకారుడు లియొనార్డో డావించి సుమారు 1482లో, మిలాన్ పాలకుడు లుడొవికో స్ఫోర్జాకు కొలువు కోరుతూ ఒక లేఖ సిద్ధపరచాడు. అందులో తేలిక వంతెనలు, ఫిరంగులు, ముట్టడి సాధనాలు మొదలైన వాటిని వరుసగా పేర్కొని, చిత్రలేఖనం సంగతి చివరికి గాని చెప్పలేదు. ఆ ప్రభువుకు అప్పుడు కావలసినవి యుద్ధ సాధనాలని ఆయన గ్రహించాడు. అనుమానముంటే ప్రత్యక్షంగా చేసి చూపుతానని కూడా వ్రాశాడు. చదివేవారి అవసరం తెలుసుకొనుట, నిదర్శనం చూపుట, ఈ రెండూ మనకు ఇప్పటికీ పనికివస్తాయి.

ముత్తుకూరు యువకుడొకడు రొయ్యల పెంపకపు సంస్థకు దరఖాస్తు పెడుతున్నాడనుకొందాము. సెలవులలో తండ్రి గుంటల వద్ద చేసిన పనిని వ్రాయుటకు సిగ్గుపడతాడు. నిజానికి ఆ యజమానికి కావలసినది అదే. ‘కష్టపడగలను’ అనుటకంటె, ‘రెండు పంటల కాలం మూడు గుంటలలో ప్రతి వేకువనా నీటి ఆక్సిజన్, ఉప్పదనం కొలిచి పుస్తకంలో ఎక్కించాను’ అంటే ఎంత స్పష్టంగా ఉన్నది! పొదుపు సంఘం లెక్కలు వ్రాసిన అమ్మాయి రేవులో గుమాస్తా పని కోరేటప్పుడు, ఎందరు సభ్యుల లెక్క ఎన్ని ఏండ్లు చూచినదో తప్పక చెప్పుకోవలెను. ఇంటిపని, ఊరిపని అని తీసివేయరాదు.

ఇక రూపం సంగతి. కొత్తగా చదువు ముగించినవారికి ఒక పుట చాలు; అనుభవజ్ఞులకు రెండు. పేరు పదవ తరగతి ధ్రువపత్రంలో ఉన్నట్లే ఉండవలెను. పైన ఫోను నంబరు, ఈమెయిలు చిరునామా. తరువాత కోరిన పనికి తగిన అనుభవం, నైపుణ్యాలు, చదువు. ఇటీవలివి ముందు, పాతవి వెనుక. కులము, మతము, వివాహ విషయము అడుగనిదే వ్రాయనక్కరలేదు. ప్రభుత్వోద్యోగాలకైతే ప్రకటనలో ఇచ్చిన నమూనానే పాటించవలెను. ప్రకటన మారినప్పుడెల్లా కాగితాన్నీ సరిదిద్దుకోవలెను. ఫైలును పీడీఎఫ్‌గా పంపితే అక్షరాలు చెదరవు.

అన్నిటికంటె ముఖ్యం సత్యం. చేయని పని వ్రాసినవారు ఇంటర్వ్యూలో రెండవ ప్రశ్నకే తడబడతారు. తెలిసినది కొద్దియైనా, దానిని గురించి ఎంత అడిగినా జవాబు చెప్పగలగాలి.

పంపబోయే ముందు ఆ కాగితాన్ని ఇంట్లో పెద్దలకు బిగ్గరగా చదివి, తెలుగులో అర్థం చెప్పండి. ‘ఔను, మా బిడ్డ చేసినది ఇదే’ అని అమ్మ గుర్తుపట్టినదంటే, చదివే అధికారికీ మీరెవరో తెలుస్తుంది. గుర్తుపట్టలేదా, మళ్ళీ వ్రాయండి.