ఒకే తరగతిలో ఇద్దరు ఉస్తాదులు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంగ్లీషు చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్మల్ని కోరారు. మా ఉర్దూ మీడియం బడికి వచ్చే తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒక్కటే: "మాస్టర్ సాబ్, ఉర్దూలో చదివితే మావాడికి ఇంగ్లీషు ఎట్లా వస్తుంది?" ఈ ప్రశ్నకు జవాబు దొరకకనే పిల్లల్ని మాన్పించుకుపోతున్నారు. అందుకని ఈ రోజు దక్షిణ కొరియా బడుల సంగతి చెప్పదలచుకున్నాము. ఆ దేశం లెక్కలు, సైన్సు, చరిత్ర తన భాషలోనే చెబుతుంది. ఇంగ్లీషు కోసం మాత్రం సముద్రాల అవతలి నుంచి ఉపాధ్యాయుల్ని పిలిపించుకుంటుంది. ఆ విదేశీ మాస్టారు రోజంతా ఏం చేస్తాడో వింటే మన జవాబు సగం దొరికినట్టే.

ఇందుకోసం 1995లో అక్కడి ప్రభుత్వం 'ఎపిక్' అనే పథకం పెట్టింది. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా దేశాల వారిని తీసుకుంటారు. మన దేశానికీ కొరియాకూ కుదిరిన ఒప్పందం 2010 జనవరిలో అమలుకు వచ్చాక, ఇంగ్లీషు బోధనార్హత ఉన్న భారతీయులకూ సహాయక ఉపాధ్యాయులుగా దారి తెరిచారు. ఏడాది కాంట్రాక్టు, ఉండటానికి ఇల్లు, వారానికి 40 గంటల డ్యూటీ, అందులో 22 పీరియడ్ల పాఠం.

ఆ మాస్టారు ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో బడికి చేరుకుంటాడు. గుమ్మంలో బూట్లు విడిచి లోపలి చెప్పులు తొడుక్కోవాలి. ఎదురైన పిల్లలు తలవంచి 'సొన్‌సెంగ్‌నిమ్' అంటారు. 'సొన్‌సెంగ్' అంటే ఉపాధ్యాయుడు. 'నిమ్' అంటే మన 'గారు', మన 'సాబ్' అనుకోండి.

ప్రాథమిక పాఠశాలలో పీరియడు 40 నిమిషాలు, మిడిల్ స్కూల్లో 45, హైస్కూల్లో 50. అక్కడ 1997 నుంచి ఇంగ్లీషు మూడో తరగతిలో మొదలవుతోంది. మూడు, నాలుగు తరగతులకు వారానికి రెండు పీరియడ్లు, అయిదు, ఆరు తరగతులకు మూడు. అంతే!

అసలు కిటుకు తరగతి గదిలో ఉంది. విదేశీ మాస్టారుతో పాటు కొరియా ఉపాధ్యాయుడు కూడా నిలబడతాడు. ఒకరు ఇంగ్లీషులో పలికిస్తారు, ఆడిస్తారు, మాట్లాడిస్తారు. పిల్లవాడు తెల్లమొహం వేస్తే రెండోవారు కొరియా భాషలో విప్పి చెబుతారు. కొరియా భాషలో 'ఫ' పలుకు లేదు, కాఫీ అంటే 'ఖోపీ' అవుతుంది. మన పల్లెల్లో 'కాపీ' అన్నట్టే. కింది పెదవి పళ్లకు ఆనించి గాలి వదలమని ఆ మాస్టారు ఎన్నిసార్లయినా చూపిస్తాడు. మన ఉర్దూ పిల్లలకు 'ఫే' అనే హర్ఫు కాయిదాలోనే ఉంది! నాలుక అడ్డం కాదు, మాట్లాడించేవారు లేకపోవడమే అడ్డం.

మధ్యాహ్నం పిల్లలూ ఉపాధ్యాయులూ అందరూ బడి భోజనమే తింటారు. స్టీలు పళ్లెంలో అన్నం, పులుసు, కిమ్చీ అనే పచ్చడి, కూరలు. ముస్లిం ఉపాధ్యాయుడికి ఇక్కడే పరీక్ష. పడని పదార్థాలు తెలియడానికి అక్కడి మెనూ కాగితంలో వంటకం పక్కన అంకెలు వేస్తారు. 10 ఉంటే పంది మాంసం, 15 కోడి, 16 గొడ్డు మాంసం. హలాల్ చూసుకునేవాడు ఈ మూడూ వదిలి చేపతోనో కూరతోనో సరిపెట్టుకోవాలి, లేదా ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోవాలి. సియోల్‌లోని ఇతేవన్‌లో 1976లో తెరిచిన పెద్ద మసీదు ఉంది కానీ, శుక్రవారం బడి రోజే. దూరపు పల్లెలో పనిచేసేవాడికి జుమా అందడం కష్టం.

పాఠాలయ్యాక నాలుగున్నర దాకా రేపటి తయారీ. సెలవుల్లో కూడా, తన వంతు సెలవు పోను, మిగతా రోజులు ఖాళీ బడిలో బల్ల ముందు కూర్చోవాల్సిందే. ఉపాధ్యాయుల గదిలో మాటలన్నీ కొరియా భాషలోనే. క్లాసు లేదన్న సంగతి ఆయనకు చాలాసార్లు ఆఖరి నిమిషంలో తెలుస్తుంది. ఒంటరితనం సరేసరి.

అక్కడిదంతా మేలేనని మేము చెప్పడం లేదు. బడి వదలగానే పిల్లలు 'హగ్వన్' అనే ట్యూషన్ కేంద్రాలకు పోతారు. సియోల్‌లో రాత్రి పది దాటితే వాటిని మూయాలని నిబంధన పెట్టవలసి వచ్చింది. నవంబరులో జరిగే కాలేజీ ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు వినే భాగం నడుస్తున్నంత సేపు దేశమంతటా విమానాలు ఎగరడం, దిగడం ఆపేస్తారు. చదువు మీద అంత పట్టింపు, పిల్లల మీద అంత బరువు. 2023లో వేలాది కొరియా ఉపాధ్యాయులు తమకు రక్షణ కావాలని వీధుల్లోకి వచ్చారు. ఆ బరువు మనకొద్దు.

మనం తీసుకోవలసింది ఒక్కటే. సొంత భాషను వదలకుండానే ఇంగ్లీషుకు ఒక మనిషిని అదనంగా నిలబెట్టారు. మనకు విదేశీ మాస్టారు అక్కర్లేదు. డిగ్రీలు చదివిన మన అమ్మాయిలు, అబ్బాయిలు ఈ హాల్లోనే కూర్చున్నారు. ఆదివారం రెండు గంటలు వచ్చి మా పిల్లలతో ఇంగ్లీషులో మాట్లాడండి, తప్పు పలికితే నవ్వకుండా దిద్దండి. అర్థం, వ్యాకరణం ఉర్దూలో మేము చెబుతాము. సంఘం వారు ఈ హాలు తాళం చెవి ఇస్తే చాలు.

ఇద్దరు ఉస్తాదులు దొరికితే ఏ తల్లీ తండ్రీ ఉర్దూ బడి నుంచి పిల్లల్ని మాన్పించనక్కర లేదు. పిల్లలు పోతే బడి మూతపడుతుంది, మూతపడిన బడిని మళ్లీ తెరిపించడం ఎవరి తరమూ కాదు. ఆలోచించండి.